నోస్ఫెరాటు (1922): పిశాచం పట్టపగలు తిరుగుతోందేంటి? ఏ డిస్క్ కొనాలి?

ప్రశ్న – మలక్‌పేట నుంచి

అందరికీ నమస్తే. ముర్నౌ తీసిన జర్మన్ మూకీ 'నోస్ఫెరాటు' డీవీడీ ఒకటి ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికింది. అట్ట మీద నిడివి 64 నిమిషాలని ఉంది. బొమ్మ మసకగా ఉంది. వందేళ్ల సినిమా కదా అని సర్దుకున్నా. కథ దగ్గరే తిక్కగా ఉంది. ఎండ తగిలితే చావాల్సిన పిశాచం తన శవపేటికను తానే మోసుకుంటూ పట్టపగలు ఊళ్లో తిరుగుతోంది. చివర్లో మాత్రం తెల్లారేసరికి మాయమైపోతుంది. తప్పు సినిమాలో ఉందా, నా డిస్క్‌లో ఉందా?

ఇంకోటి. మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ప్రొజెక్టర్ ఉంది, అక్కడ ఈ సినిమా వేద్దామనుకుంటున్నాం. మంచి డిస్క్ ఏదో చెబితే తెప్పిస్తా. ఇక్కడే కొన్న బ్లూరే ప్లేయర్ ఉంది.

జవాబు – తార్నాక నుంచి

తప్పు డిస్క్‌దే తమ్ముడూ. సినిమాలో ఆ సీన్లు రాత్రి జరుగుతాయి.

అప్పట్లో బయట రాత్రిపూట తీయాలంటే బోలెడు లైట్లు కావాలి, ఫిలిం కూడా చీకట్లో సరిగా పట్టేది కాదు. అందుకని పగలే తీసేసి, ప్రింటులో ఆ ముక్కను నీలం రంగులో ముంచేవాళ్లు. తెర మీద నీలం కనిపిస్తే రాత్రి అని జనానికి తెలుసు. ఇంట్లో పగటి సీన్లకు పసుపు గోధుమ ఛాయ, తెల్లవారుజాముకు గులాబీ ఛాయ. ఆ రంగులున్న ప్రింటును నలుపు తెలుపులో కాపీ కొడితే రాత్రులన్నీ పగళ్లయిపోతాయి. నీ దగ్గరున్నది అలాంటి కాపీకి కాపీ. నీలం వేసి చూడు, వాడు నడిరాత్రి నిర్మానుష్యమైన వీధిలో పెట్టె మోస్తుంటాడు. ఈ సినిమాకి ఇది మరీ ముఖ్యం. దీనికి మూలమైన బ్రామ్ స్టోకర్ నవల 'డ్రాకులా'లో ఆ పిశాచం పగలు కూడా తిరగగలదు. ఎండ తగిలితే పిశాచం చస్తుందన్నది ఈ సినిమాతోనే మొదలైంది. అలాంటి సినిమాలో రాత్రి రాత్రిలా లేకపోతే ఇంకేం మిగులుతుంది? నన్నడిగితే కొనేముందు బొమ్మ ఎంత శుభ్రంగా ఉందన్నదాని కంటే ముందు రంగు ఛాయలు ఉన్నాయా అన్నదే చూడాలి.

ఇన్ని రకాల కాపీలు ఎందుకంటే, ఈ సినిమా నవల హక్కులు తీసుకోకుండా తీసింది. స్టోకర్ భార్య కోర్టుకెళ్లింది, 1925లో కాపీలన్నీ నాశనం చేయమని తీర్పొచ్చింది. అప్పటికే ప్రింట్లు వేరే దేశాలకు వెళ్లిపోయాయి కాబట్టి సినిమా బతికింది, కానీ ఒక్కో దేశంలో ఒక్కో రకంగా. అమెరికా కాపీల్లో టైటిల్ కార్డులు (మూకీలో మాటలు రాసి మధ్యమధ్య తెర మీద చూపించేవి) మార్చి, పిశాచం ఓర్లాక్‌ని డ్రాకులా, కథానాయకుడు హుట్టర్‌ని హార్కర్ అని నవల పేర్లలోకి మార్చేశారు. నీ డిస్క్‌లో ఏ పేర్లున్నాయో చూడు. డ్రాకులా అని ఉంటే అది ఆ వంశమే.

ఇక నిడివి. జర్మనీలోని ముర్నౌ ఫౌండేషన్ 2006లో చేయించిన పునరుద్ధరణ దాదాపు 94 నిమిషాలు, సెకనుకు 18 ఫ్రేముల వేగం. దానికి ఆధారం పారిస్‌లో భద్రంగా ఉన్న 1922 నాటి రంగు ఛాయల ప్రింటు. అదే సినిమాను 24 ఫ్రేములకు తోస్తే 70 నిమిషాల్లో అయిపోతుంది, మనుషులు గబగబా గెంతుతుంటారు. నీ 64 నిమిషాల్లో వేగంతో పాటు కొంత సినిమా కూడా పోయి ఉంటుంది. గంటా ఇరవైలోపు నిడివి కనిపిస్తే ఆ డిస్క్ వదిలేయ్.

అమెరికాలో కినో, ఇంగ్లండ్‌లో యురేకా అనే కంపెనీలు 2013లో వేసిన బ్లూరేలు రెండూ ఆ పునరుద్ధరణవే, హాన్స్ ఎర్డ్‌మాన్ మొదట్లో రాసిన సంగీతాన్ని మళ్లీ కూర్చి జత చేశారు. బొమ్మలో నాకు పెద్ద తేడా కనిపించలేదు. యురేకాలో జర్మన్ కార్డులకు కింద ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వస్తాయి, కినోలో ఇంగ్లిష్ కార్డుల డిస్క్, జర్మన్ కార్డుల డిస్క్ రెండూ ఉంటాయి. క్లబ్‌హౌస్‌లో వేయడానికి కినో సుఖం. బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ డిస్క్ వేరే పునరుద్ధరణ, దానికి జేమ్స్ బెర్నార్డ్ కొత్తగా కట్టిన సంగీతం ఉంది. ఈయనే ఇంగ్లండ్‌లో 1958లో వచ్చిన డ్రాకులా సినిమాకి చేసింది. భయం పుట్టించడంలో నాకు బెర్నార్డే నచ్చుతాడు. ఎర్డ్‌మాన్‌ది కాస్త మెత్తన.

జవాబు – సైనిక్‌పురి నుంచి

తార్నాక అన్న బొమ్మ సంగతి చెప్పారు, నేను ప్లేయర్ సంగతి చెప్తా. డిస్కులకు రీజియన్ అని ఒక తాళం ఉంటుంది, ఒక ప్రాంతం డిస్క్ వేరే ప్రాంతం ప్లేయర్‌లో తిరగకుండా. మన దేశం బ్లూరేకి రీజియన్ సి, డీవీడీకి రీజియన్ 5. అమెరికా బ్లూరే ఏ, ఇంగ్లండ్‌ది బి. ఇక్కడ కొన్న మామూలు ప్లేయర్‌లో ఈ రెండూ తిరక్కపోవచ్చు. ఆర్డర్ పెట్టేముందు మీ ప్లేయర్ మోడల్ నంబర్‌తో రీజియన్ మార్చే దారి ఉందేమో వెతకండి. చాలా ప్లేయర్లలో డీవీడీ వరకు రిమోట్‌తోనే పని జరుగుతుంది, బ్లూరేకి అంత సులువు కాదు. కంప్యూటర్ డ్రైవ్‌లో మార్చుకుంటానంటే డీవీడీ రీజియన్ ఐదుసార్లే మార్చనిస్తుంది, ఆ తర్వాత చివరిదే ఖాయం. ఊరికే ప్రయోగాలు చేయకండి.

బయటి నుంచి తెప్పిస్తే డిస్క్ ధర మీద పోస్టేజీ, కస్టమ్స్ కూడా పడతాయి. మీరు, మీ మిత్రులు కలిసి ఒకేసారి తెప్పించుకోండి. ఆర్డర్‌లో సంవత్సరం చూసుకోండి, ఇదే పేరుతో 1979లో ఒకటి, 2024లో ఒకటి వచ్చాయి. రెండూ మంచివే, కానీ మీక్కావాల్సినవి కావు.

జవాబు – మెహదీపట్నం నుంచి

భయ్యా, నెట్‌లో ఫ్రీగా ఉన్నదానికి ఇంత ఖర్చు అవసరమా? హక్కులు ఎప్పుడో అయిపోయిన సినిమా. నీలం ఛాయ ఉన్న కాపీ వెతుక్కుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే పనైపోతుంది.

జవాబు – తార్నాక నుంచి

సినిమాకి హక్కులు అయిపోయాయి, నిజమే. కొత్తగా కూర్చిన సంగీతానికి, పునరుద్ధరణకు వేరే హక్కులుంటాయి. ఇంట్లో చూసుకోవడానికి నెట్ కాపీ నేనూ కాదనను. పదిమందిని పిలిచి వేసేటప్పుడు మాత్రం ఇబ్బంది లేని దారి చూసుకోవడం మేలు. పెద్ద తెర మీద నెట్ కాపీ గళ్లు గళ్లుగా పగులుతుంది, చీకటి సీన్లలో మరీను.

మలక్‌పేట నుంచి

అన్నా, నా డిస్క్‌లో డ్రాకులా అనే ఉంది! కినోకి ఫిక్స్ అయ్యా, ప్లేయర్ సంగతి చూసుకుని ఆర్డర్ పెడతా. ఒక్క డౌట్. మా నాయనమ్మ కూడా వస్తానంటోంది, ఆమెకి ఇంగ్లిష్ రాదు. కార్డులు వచ్చినప్పుడల్లా ఆపి చెప్పాలా?

జవాబు – తార్నాక నుంచి

ఆపొద్దు, సంగీతం తెగిపోతుంది. మూకీల కాలంలో మన ఊళ్లలో తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవాడు. నువ్వూ అదే చెయ్. కార్డులు ముందే రాసుకుని, ఒక్కో దానికి ఒక్క వాక్యం తెలుగులో చెప్పు, అంతకంటే ఎక్కువ వద్దు. అన్నట్టు, ఇదే 1922లో మన హైదరాబాద్‌లో ధీరేన్ గంగూలీ లోటస్ ఫిలిం కంపెనీ పెట్టి మూకీలు తీశాడు. వాటికి ఏ డిస్కూ లేదు, అదో దిగులు.

వేసేముందు రెండు పనులు చేసుకో. ప్రొజెక్టర్‌లో బొమ్మ ఆకారం 4:3కి పెట్టు, పక్కన నల్ల పట్టీలు ఉండనీ. తెర నింపుదామని సాగదీస్తే సన్నగా పొడుగ్గా ఉండాల్సిన ఓర్లాక్ లావెక్కిపోతాడు. కదలికను నున్నగా చేసే ఆప్షన్, రంగులు పెంచే మోడ్ ఉంటే ఆపేయ్, లేకపోతే నీలం కాస్తా నెమలి రంగులోకి పోతుంది.

ఇంకో మాట, అక్కడ కంగారు పడకు. అడవిలో బండి వెళ్లే చోట ఉన్నట్టుండి నెగెటివ్‌లా చెట్లు తెల్లగా కనిపిస్తాయి. ఓర్లాక్ పెట్టెలు బండికెత్తేటప్పుడు కదలిక విపరీతంగా వేగం అందుకుంటుంది. రెండూ ముర్నౌ కావాలని చేసినవే. ఎవరో ఒకరు లేచి డిస్క్ తుడవమంటారు, కూర్చోమని చెప్పు.