నాలుక కింద పొర: వెంటనే కత్తిరించాలా, ఆగాలా?

కొత్తమ్మ:
పాపకి ఇంకా నెల నిండలేదు. రొమ్ము పట్టిన కాసేపటికే జారిపోతుంది, తాగుతుంటే టక్ టక్ అని చప్పుడు. నా చనుమొనలు పగిలి రక్తం కూడా వచ్చింది. డాక్టరు గారు చూసి "టంగ్ టై ఉంది, అంటే నాలుక కింద పొర నాలుకని కదలనివ్వడం లేదు, ఈ వారమే లేజర్‌తో తీసేద్దాం" అన్నారు. మా అత్తయ్య "పెరిగేకొద్దీ అదే సాగుతుంది, పసిగుడ్డు నోట్లో కోతేమిటి" అంటున్నారు. బరువు పెరుగుతోంది గానీ నెమ్మదిగా. ఎవరి మాట వినాలి?

చందమామ_కథ:
చేయించేయండి అక్కా. మా బాబుకి కత్తెరతో చిన్న కోత పెట్టారు. ఏడుస్తుండగానే రొమ్ముకి వేసుకున్నాను, ఆ పూట నుంచే నొప్పి తగ్గింది. లేకపోతే డబ్బా పాలకి మారిపోయేదాన్ని. ఆగి చూడమని చెప్పడం తేలికే, పగిలిన చనుమొనతో రాత్రంతా పాలిచ్చేది మనం.

నిదానం:
మీకు తగ్గింది, సంతోషం. అందరికీ అలాగే తగ్గుతుందని మాత్రం చెప్పలేం. వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017 సమీక్ష ఈ కోత మీద జరిగిన 5 ట్రయల్స్‌ని, 302 మంది పిల్లల్ని కలిపి చూసింది. తల్లి నొప్పి కొంతకాలం తగ్గిందని తేలింది. బిడ్డ తాగే తీరు బాగుపడిందా అంటే ఫలితాలు ఒక్క దారిలో లేవు. తర్వాత బ్రిటన్‌లో జరిగిన ఫ్రాస్టీ ట్రయల్లో మూడు నెలలకి తల్లిపాలు తాగుతున్న పిల్లలు కోతకి ఎంచిన గుంపులోనూ, పాలిచ్చే సలహాకి మాత్రమే ఎంచిన గుంపులోనూ దాదాపు సమానమే.

చందమామ_కథ:
సగం చెప్పి వదిలేశారు. ఆ ట్రయల్లో కోత లేకుండా సలహా మాత్రమే ఇచ్చిన గుంపులో కూడా ఎక్కువమంది తర్వాత కోత చేయించుకున్నారు. ఇక తేడా ఎక్కడ కనిపిస్తుంది?

నిదానం:
ఒప్పుకుంటాను. అందుకే కోత పనికిరాదని నేను అనలేదు. పనిచేస్తుందని గట్టిగా చెప్పడానికీ ఆధారం చాలదంటున్నాను.

పాలపలుకు:
తల్లులకి పాలివ్వడంలో సాయం చేయడమే నా పని. మీరిద్దరూ కత్తెర దగ్గరే ఆగిపోయారు. బిడ్డ తాగేటప్పుడు నాలుక కిందికి దిగాలి. అప్పుడే నోట్లో గాలి లేని ఖాళీ ఏర్పడి పాలు లాగబడతాయి, అల్ట్రాసౌండ్‌లో ఇది చక్కగా కనిపిస్తుంది. నాలుక కదలకపోతే బిడ్డ చిగుళ్లతో నొక్కి పట్టుకుంటుంది, మన ప్రాణం పోతుంది. పట్టు వదిలినప్పుడల్లా ఆ టక్ చప్పుడు. అయితే చనుమొన కొస మాత్రమే నోట్లో పెట్టినా ఇదే బాధ. పాలు మరీ జోరుగా వచ్చినా ఇదే చప్పుడు. పొర కనిపించింది కదా అని తప్పంతా దాని మీద వేయలేం. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2024 నివేదిక ప్రకారం, పొర ఉన్న పిల్లల్లో సగం కంటే తక్కువమందికే పాలు తాగడంలో ఇబ్బంది ఉంటుంది. కత్తెర కంటే లేజర్ మేలని రుజువు కాలేదనీ, కోత తర్వాత నాలుక కింద వేలితో సాగదీసే వ్యాయామాలు వద్దనీ అందులోనే ఉంది. కొత్తమ్మా, డాక్టరు గారు మీరు పాలిస్తుండగా చూశారా?

కొత్తమ్మ:
లేదండీ. నాలుక ఎత్తి చూసి చెప్పారు, అంతే.

పాలపలుకు:
అయితే ముందు ఒక పూట మొదటి నుంచి చివరిదాకా ఎవరైనా అనుభవం ఉన్నవాళ్లు చూడాలి. పాప గడ్డం రొమ్ముకి ఆనాలి, నోరు బాగా తెరిచాకే దగ్గరికి తీసుకోవాలి. మరీ నొప్పిగా ఉన్న వైపు పాలు పిండి చెంచాతో పట్టండి, పాలు తగ్గిపోకుండా ఉంటాయి. రోజుకి ఆరుసార్లయినా మూత్రం పోస్తోందా లెక్క చూడండి. పట్టు సరిచేసినా నొప్పి అలాగే ఉంటే కోతకి నేనూ సరే అంటాను. చేయించే ముందు, రక్తం సరిగ్గా గడ్డకట్టడానికి పుట్టినప్పుడు ఇచ్చే విటమిన్ కె పాపకి ఇచ్చారో లేదో కనుక్కోండి, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టని జబ్బు ఉంటే తప్పక చెప్పండి.

చందమామ_కథ:
దీనికి నేనూ ఒప్పుకుంటాను, కానీ ఆ చూసేదేదో ఈ రెండు మూడు రోజుల్లోనే జరగాలి. బరువు నెమ్మదిగా పెరిగే పాప విషయంలో "చూద్దాం, చూద్దాం" అంటూ నెల గడిపేస్తే పాలే ఎండిపోతాయి.

నిదానం:
ఆ మాట నిజం. వాయిదా వేయాల్సింది లేజర్ అపాయింట్‌మెంట్‌ని, బరువు చూపించడాన్ని కాదు.