1860లో దక్షిణ ఇటలీ ఏకమైందా, ఆక్రమణకు గురైందా?

కృష్ణాతీరం:
డిగ్రీలో ఇటలీ ఏకీకరణ చదివినవాళ్లకి ఒక వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. మాజినీ హృదయం, కవూర్ మెదడు, గారిబాల్డీ ఖడ్గం. అంటే ఉద్యమకారుడు మాజినీ, రాజనీతిజ్ఞుడు కవూర్, సేనాని గారిబాల్డీ. ఆ వాక్యంలో నేపుల్స్ రైతు లేడు, సిసిలీ కూలీ లేడు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 1860లో ఉత్తరాన టురిన్ రాజధానిగా ఉన్న పీడ్మాంట్ రాజ్యం, బూర్బన్ వంశం ఏలిన నేపుల్స్, సిసిలీల దక్షిణాది రాజ్యాన్ని తనలో కలిపేసుకుందని నా అభిప్రాయం.

1861 మార్చి 17న ఇటలీ రాజ్యాన్ని ప్రకటించారు. కొత్త రాజ్యానికి తొలి రాజు కాబట్టి విక్టర్ ఇమ్మాన్యుయేల్ ‘మొదటి’ అని పిలిపించుకోవాలి. పీడ్మాంట్‌లో తన వంశం లెక్క ప్రకారం ‘రెండవ’ అనే ఉంచుకున్నాడు. ఇటలీ మొత్తానికి తొలి పార్లమెంటు అయినా దానికి ఎనిమిదో సంఖ్య వేశారు, ఎందుకంటే అంతకుముందు ఏడు పీడ్మాంట్‌వి ఉన్నాయి. రాజ్యాంగం కూడా 1848లో పీడ్మాంట్ రాజు తన ప్రజలకు ఇచ్చినదే. దేశమంతా ఎన్నుకున్న రాజ్యాంగ సభ కావాలని మాజినీ ఎన్నేళ్లుగానో అడుగుతున్నాడు. అది అసలు పెట్టనే లేదు.

ఇటలీలో కలవాలా వద్దా అని అడిగితే ప్రజలు ఓటు వేశారు కదా అంటారు. 1860 అక్టోబరు 21న నేపుల్స్ ప్రాంతంలో ‘అవును’కి 13,02,064, ‘కాదు’కి 10,312. సిసిలీలో ‘కాదు’ అన్నవాళ్లు 667 మంది. అవునుకి ఒక పెట్టె, కాదుకి ఒక పెట్టె, ఎవరు దేంట్లో వేస్తున్నారో నిలబడ్డ అందరికీ కనిపిస్తుంది. సైన్యం ఊళ్లోనే ఉంది. ఈ అంకెలను ప్రజాభిప్రాయం అనడానికి నాకు మనసు రాదు.

ఆ తర్వాత అయిదేళ్లు దక్షిణాదిలో తిరుగుబాటు. దాన్ని ‘బందిపోట్ల సమస్య’ అన్నారు. అణచడానికి లక్షకు పైగా సైనికులు వెళ్లారు. 1863 ఆగస్టులో పీకా చట్టం తెచ్చి జిల్లాలకు జిల్లాలను మిలటరీ కోర్టుల కింద పెట్టారు. ఇష్టపడి కలిసిన ప్రాంతానికి అంత సైన్యం ఎందుకండీ?

మిలానో తెలుగు:
ఇక్కడ ఇది ఇంకా మానని గాయమే. 1861 ఆగస్టులో పొంటెలాండోల్ఫో అనే ఊరి దగ్గర నలభై మంది దాకా ఇటలీ సైనికులను చంపేశారు. ప్రతీకారంగా జనరల్ చాల్దీనీ ఆదేశంతో ఆగస్టు 14న ఆ ఊరిని, పక్కనే ఉన్న కసల్దూనీని తగలబెట్టారు. 2011లో, సరిగ్గా 150 ఏళ్ల తర్వాత, మాజీ ప్రధాని జూలియానో అమాతో ఆ ఊరికి వెళ్లి క్షమాపణ చెప్పారు. ఎంతమంది చనిపోయారన్నది మాత్రం తేలలేదు. వేల మంది అనేవాళ్లున్నారు, చర్చి మరణాల రిజిస్టరు చూసినవాళ్లు చాలా తక్కువ సంఖ్య చెప్తున్నారు. కాబట్టి ఇక్కడ ఎవరూ పెద్ద అంకెలు వేయకుండా ఉంటే బాగుంటుంది.

హిస్టరీ మాస్టారు:
కృష్ణాతీరం గారూ, రాజు పక్కన సంఖ్య గురించి, ఓటు పెట్టెల గురించి మీరు చెప్పినవి నిజమే. అయితే మీ కథ అక్టోబరు నుంచి మొదలవుతోంది. ఏప్రిల్ నుంచి చెప్పాలి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే 1848 నుంచి చెప్పాలి.

1848లో యూరప్ అంతా లేచింది కదా, ఆ ఏడాది మొదటి తిరుగుబాటు పారిస్‌లో కాదు, జనవరి 12న సిసిలీలోని పలెర్మోలో. బూర్బన్ రాజు మాకొద్దని సిసిలీ పార్లమెంటు తీర్మానం చేసింది. జవాబుగా రెండవ ఫెర్డినాండ్ సైన్యం మెస్సీనా నగరం మీద ఫిరంగులు పేల్చింది. అప్పట్నుంచి యూరప్ ఆయన్ని ‘బాంబు రాజు’ అని పిలిచింది. నేపుల్స్‌లో మాజీ మంత్రి కార్లో పోయెరియోకి సంకెళ్లు వేసి నేరస్థులతో కలిపి ఉంచారు. ఆ జైళ్లు చూసిన బ్రిటిష్ నాయకుడు గ్లాడ్‌స్టన్ 1851లో రాసిన ఉత్తరాలు లండన్‌ని కుదిపేశాయి.

ఇప్పుడు 1860. ఏప్రిల్ 4న పలెర్మోలో మళ్లీ తిరుగుబాటు. అప్పటికి గారిబాల్డీ ఇంకా ఓడ ఎక్కలేదు. సిసిలీ లేచిందన్న వార్త విన్నాకే, అదీ సిసిలీ విప్లవకారుడు క్రిస్పీ పట్టుబట్టాకే, ఆయన బయల్దేరాడు. మే 11న మర్సాలాలో దిగినవాళ్లు వెయ్యి మంది పైచిలుకు. చేతుల్లో పాత తుపాకులు. ద్వీపంలో బూర్బన్ సైన్యం ఇరవై వేలకు పైనే. పల్లెల నుంచి రైతు యువకుల గుంపులు దిగి రాకపోతే, పలెర్మో జనం వీధుల్లో అడ్డుకట్టలు కట్టకపోతే, ఆ వెయ్యి మంది వారం తిరక్కుండా సముద్రంలో కలిసేవారు. సెప్టెంబరు 7న గారిబాల్డీ నేపుల్స్‌లోకి తన సైన్యాన్ని వెనక వదిలేసి, కొద్దిమంది అనుచరులతో రైల్లో వచ్చాడు. ఆక్రమించేవాడు అలా వస్తాడా?

ఇంకో మాట. 1850లలో టురిన్‌లో ‘ఇటలీ ఒకటి కావాలి’ అని గొంతెత్తినవాళ్లలో ఎంతమంది దక్షిణాదివాళ్లో చూడండి. మాంచీనీ, మస్సారీ, దె సాంక్టిస్. దె సాంక్టిస్ బూర్బన్ల జైల్లో ఏళ్లు గడిపి, తర్వాత ఏకమైన ఇటలీకి విద్యామంత్రి అయ్యాడు. దాన్ని ఉత్తరాది ఆక్రమణ అంటే వీళ్లందరినీ చరిత్రలోంచి తుడిచేసినట్టే. అది నాకు బాధ కలిగిస్తుంది.

కృష్ణాతీరం:
మాస్టారూ, వాళ్లు లాయర్లు, ప్రొఫెసర్లు. పల్లె సంగతి వేరు. కార్లో పిసకానే నేపుల్స్‌వాడే, దేశం కోసం ప్రాణం ఇచ్చినవాడు. 1857 జూన్‌లో పోంజా ద్వీపంలో ఖైదీలను విడిపించి, వాళ్లతో కలిసి సాప్రీ తీరంలో దిగాడు. రైతులు తన వెంట లేస్తారని నమ్మాడు. లేచారు, కానీ కొడవళ్లు పట్టుకుని అతని మీదికే. సాంజా అనే ఊళ్లో అతని కథ ముగిసింది. మూడేళ్లలో ఆ రైతులకే ఇటలీ మీద ప్రేమ పుట్టుకొచ్చిందా?

పాలమూరు పిల్ల:
ఇద్దరూ దేశం గురించే మాట్లాడుతున్నారు. భూమి గురించి ఎవరూ ఎత్తడం లేదు. నా దృష్టిలో ఈ ప్రశ్నకు తాళంచెవి అక్కడే ఉంది.

గారిబాల్డీ సిసిలీలో దిగగానే చేసిన మొదటి పనుల్లో ఒకటి పిండి పన్ను రద్దు. పేదవాడు తినే ప్రతి రొట్టె మీదా పడే పన్ను అది. తర్వాత జూన్ 2న ఇంకో ఉత్తర్వు: పోరాటంలో చేరినవాళ్లకు ఊరి ఉమ్మడి భూముల్లో వాటా. రైతులు ఆయన వెంట ఎందుకు నడిచారో అర్థం కావడానికి ఈ రెండు కాగితాలు చాలు. సిసిలీలో ఉమ్మడి భూములను పెద్దలు మెల్లగా కలిపేసుకోవడం ఎప్పట్నుంచో సాగుతున్న గొడవ. మేత, కట్టెలు, కాస్త సాగు, అన్నీ ఆ భూముల మీదే.

ఇప్పుడు బ్రోంతే సంగతి. ఎట్నా అగ్నిపర్వతం వాలులో ఉన్న ఊరు. అక్కడి పెద్ద ఎస్టేటు నెల్సన్ వారసులది. 1799లో బూర్బన్ రాజు కృతజ్ఞతగా ఆ ఇంగ్లిష్ అడ్మిరల్‌కి ఇచ్చేశాడు. జూన్ ఉత్తర్వు వచ్చింది, భూమి మాత్రం పంచలేదు. ఆగస్టు 2న జనం తిరగబడ్డారు. ఊరి పెద్దలను, గుమస్తాలను చంపారు. ఘోరంగా చంపారు, నేను దాన్ని సమర్థించను. బ్రిటిష్ కాన్సులేట్ నుంచి ఒత్తిడి వచ్చింది. గారిబాల్డీ తన కుడిభుజం నీనో బిక్సియోని పంపాడు. హడావిడి విచారణ జరిపి ఆగస్టు 10న అయిదుగురిని కాల్చేశారు. అందులో ఒకడు లొంబార్డో అనే లాయరు. భూముల పంపకం కోసం ఏళ్ల తరబడి వాదించినవాడు, హత్యలను ఆపడానికి చూశాడని చెప్తారు. ఇంకొకడు ఊళ్లో పిచ్చివాడు అని పేరున్న మనిషి.

గమనించండి, ఆ ఆగస్టులో పీడ్మాంట్ సైనికుడు ఒక్కడు కూడా సిసిలీని పాలించడం లేదు. కాల్చింది ఎర్రచొక్కాలవాళ్లే, అంటే గారిబాల్డీ సైనికులే. అంటే విప్లవం తనను గెలిపించిన రైతుకు ఎదురు తిరిగింది, ఉత్తరాది రాజు రాకముందే. కృష్ణాతీరం గారు అనే ఆక్రమణ కాదు ఇది, మాస్టారు అనే ఐక్యతా కాదు. భూస్వాములు పాత రాజు పక్కనుంచి కొత్త రాజు పక్కకి నడిచారు, భూములను వెంటబెట్టుకుని. 1866, 67 చట్టాలతో చర్చి భూములు వేలానికి వచ్చినప్పుడు కొన్నదీ వాళ్లే, ఎందుకంటే రొక్కం వాళ్ల దగ్గరే ఉంది.

రద్దు చేసిన పిండి పన్ను 1869 జనవరి 1న దేశమంతటికీ తిరిగి వచ్చింది. అప్పుడు అల్లర్లు ఎక్కువగా రేగింది దక్షిణాదిలో కాదు, ఉత్తరాన ఎమీలియాలో. ఆ సంగతి ఉత్తరం-దక్షిణం లెక్కలో ఎక్కడ పడుతుందో చెప్పండి.

గ్రూప్స్ ఆశావహుడు:
నేను ప్రిపరేషన్‌లో ఉన్నాను, అందుకే అడుగుతున్నాను. నేపుల్స్ ఇటలీలోకెల్లా ధనిక రాజ్యమనీ, బంగారం మొత్తం టురిన్‌కి ఎత్తుకుపోయారనీ, అందుకే దక్షిణం పేదదైందనీ యూట్యూబ్‌లో చూశాను. నిజమేనా సార్? ఇటలీలో మొదటి రైలు కూడా అక్కడేనట.

హిస్టరీ మాస్టారు:
రైలు మాట నిజం బాబూ. 1839లో నేపుల్స్ నుంచి పోర్తిచీకి వేశారు. కానీ ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే పీడ్మాంట్‌లో సుమారు 800 కిలోమీటర్లు, నేపుల్స్ వైపు వంద కిలోమీటర్ల దగ్గరే ఆగింది. సిసిలీలో ఒక్క కిలోమీటరు లేదు. అక్కడ తొలి రైలు 1863లో, ఏకీకరణ తర్వాతే.

డబ్బు మాటకొస్తే, ఆర్థికవేత్త నిట్టీ లెక్కలో పాత రాజ్యాల నాణేలన్నిటిలో సగానికి పైగా దక్షిణాదివే, అది ఒప్పుకోవాలి. కానీ నేపుల్స్‌ది వెండి డబ్బు. పైగా నాణేలు ఎక్కువ ఉండటం, దేశం సంపన్నంగా ఉండటం ఒకటి కాదు. పీడ్మాంట్ అప్పు చేసి రైళ్లు, కాలువలు, యుద్ధాలు నడిపింది. నేపుల్స్ అప్పూ తక్కువే చేసింది, ఖర్చూ తక్కువే పెట్టింది. రోడ్డు లేని ఊళ్లు వందల్లో మిగిలాయి.

కృష్ణాతీరం:
ఆ పీడ్మాంట్ అప్పు 1861లో ఎవరి నెత్తిన పడింది మాస్టారూ? అన్ని రాజ్యాల అప్పులూ ఒకే ఖాతాలో కలిపారు. అప్పు చేయని నేపుల్స్ రైతు కూడా దాన్ని తీర్చాడు.

దానికి తోడు సుంకాలు. దక్షిణాది ఫ్యాక్టరీలు ఎక్కువ సుంకాల గోడ చాటున పెరిగాయి. పీడ్మాంట్ తక్కువ సుంకాలను ఒక్కసారిగా అక్కడా అమలు చేశారు. గడువు ఇచ్చారా? ఏమీ లేదు. రైలింజన్లు తయారుచేసిన పియెత్రార్సా కర్మాగారంలో పనులు తగ్గి, 1863 ఆగస్టులో కార్మికులు గొడవ చేస్తే సైన్యం కాల్పులు జరిపింది, ప్రాణాలు పోయాయి.

ఇంకొకటి: సిసిలీలో బూర్బన్ల కాలంలో నిర్బంధ సైనిక సేవ లేదు. కొత్త రాజ్యం వచ్చి కొడుకులను ఏళ్ల తరబడి పట్టుకుపోయింది. వేల మంది కొండల్లోకి పారిపోయారు. వాళ్లంతా బందిపోట్లేనా?

ఇది నా ఒక్కడి మాటే కాదు. పీడ్మాంట్ మాజీ ప్రధాని మస్సీమో ద్ అజేలియో 1861 ఆగస్టులో ఒక ఉత్తరంలో ఇదే అడిగాడు. ట్రోంటో నదికి ఇవతల బెటాలియన్లు అక్కర్లేదు, అవతల కావలసి వస్తున్నాయి, కాబట్టి నేపుల్స్‌వాళ్లకు మనం కావాలో వద్దో అడగాలి అన్నాడు. ట్రోంటో పాత నేపుల్స్ రాజ్యపు సరిహద్దు.

హిస్టరీ మాస్టారు:
ఆ ఉత్తరం బయటికొచ్చి పత్రికల్లో అచ్చయింది. ప్రభుత్వాన్ని ఆ మాట అడిగే స్వేచ్ఛ బూర్బన్ల కింద ఎవరికుంది? పార్లమెంటు కమిటీ వేసి, దక్షిణాదివాడైన మస్సారీ చేతనే రిపోర్టు రాయించింది. తిరుగుబాటుకు మూలం రైతుల దారిద్ర్యమేనని 1863లో అదే రిపోర్టు చెప్పింది. దాన్ని పక్కనపెట్టి పీకా చట్టం తేవడం తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ జర్మనీని ఏకం చేసిన ప్రష్యాతో పోల్చండి. 1866లో హానోవర్‌ని, ఫ్రాంక్‌ఫర్ట్‌ని కలుపుకున్నప్పుడు బిస్మార్క్ ఒక్క ఓటు కూడా అడగలేదు. ఆక్రమణ అన్న మాట దానికి సరిపోతుంది.

పాలమూరు పిల్ల:
కృష్ణాతీరం గారికి ఇంకొక్క మనిషిని చూపిస్తాను. ఆంతోనియో ది రుదినీ. సిసిలీ జమీందారీ కుటుంబం. 1866 సెప్టెంబరులో పలెర్మో వారం రోజులు తిరగబడింది, యుద్ధనౌకల నుంచి నగరం మీద కాల్పులు జరిగాయి. అప్పుడు పలెర్మో మేయరు ఈయనే. సొంత ఊరివాళ్లకు ఎదురుగా, రాజ్యం తరఫున నిలబడ్డాడు. తర్వాత ఇటలీకి ప్రధాని అయ్యాడు. 1898 మేలో రొట్టె ధర పెరిగిందని మిలాన్ కార్మికులు వీధుల్లోకొస్తే జనరల్ బావా బెక్కారిస్ ఫిరంగులతో కొట్టించాడు. సర్కారు లెక్కలోనే చనిపోయినవాళ్లు 80 మంది. అప్పటి ప్రధాని ఎవరు? ఈ సిసిలీ రుదినీయే. ఉత్తరాది పేదల మీద ఫిరంగి పేలినప్పుడు అధికారంలో ఉన్నది దక్షిణాది జమీందారు. ఒక ప్రాంతం ఇంకో ప్రాంతాన్ని ఆక్రమించిందనే వాదనలో ఈ మనిషి ఇమడడు.

కృష్ణాతీరం:
రుదినీ ఉదాహరణ గట్టిదే. కానీ అమ్మా, రుదినీకి కుర్చీ దొరికింది, అతని పాలేరుకి ఏం దొరికింది? 1860 అక్టోబరులో 21 ఏళ్లు దాటిన ప్రతి మగవాడినీ పెట్టె దగ్గరికి రమ్మన్నారు. మూడు నెలలు తిరగ్గానే, 1861 జనవరి 27న, పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. అప్పుడు పన్ను కట్టేవాళ్లకే, చదువొచ్చినవాళ్లకే ఓటు. రెండు కోట్ల ఇరవై లక్షల జనాభాలో ఓటర్లు సుమారు 4,18,000. 1882లో ఓటు హక్కు పెంచినప్పుడూ చదువు షరతు అలాగే ఉంచారు. నూటికి ఎనభై మందికి పైగా చదువు రాని దక్షిణాది పల్లెల్లో ఆ షరతు ఎవరిని ఆపిందో మీకు తెలుసు. చదువు రాని మగవాళ్లకు, అదీ ముప్పై దాటినవాళ్లకు, 1912 చట్టంతో ఓటొచ్చింది. మీరన్న భూస్వాముల లెక్క నేను కాదనను. రైతు సమ్మతి ఒక్కరోజు అవసరపడింది కాబట్టి అడిగారు, తర్వాత యాభై ఏళ్లు అడగలేదు. అలా సంపాదించిన రాజ్యాన్ని నేను ఆక్రమణే అంటాను.