రోమన్ సరిహద్దు సైనికుల మిత్రాస్ ఆరాధన: సైన్యం విధించినదా, సైనికులు ఎంచుకున్నదా?

ప్రశ్న (బసవనగుడి, బెంగళూరు):
మా గవిపురం గంగాధరేశ్వర స్వామి గుహాలయంలో మకర సంక్రాంతి సాయంత్రం సూర్యకిరణాలు నంది కొమ్ముల మధ్యగా సాగి శివలింగాన్ని తాకుతాయి. రోమన్ సైనికులు కొలిచిన మిత్రాస్ అనే దేవుడి ఆలయాలు కూడా గుహల వంటివేననీ, అక్కడా సూర్యుడికీ ఎద్దుకూ ప్రాధాన్యం ఉండేదనీ చదివాను. ఆ చీకటిలో వెలుగును ఎలా ఏర్పాటు చేసుకునేవారు? ఈ ఆరాధనను సైన్యమే విధించిందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
వాటిలో చాలావరకు సహజమైన గుహలు కావండి. కిటికీలు లేని పొడవాటి గది కట్టి, ఇరువైపులా అరుగులు వేసి, దాన్నే గుహగా భావించేవారు. ఉత్తర ఇంగ్లాండులో రోమన్ల సరిహద్దు గోడ అయిన హేడ్రియన్ గోడ వెంట, కారాబర్గ్ కోట పక్కన 1949లో బయటపడిన ఆలయంలో బటేవియన్ (రైన్ నది ముఖద్వార ప్రాంతపు తెగ) దళాధిపతులు ప్రతిష్ఠించిన మూడు బలిపీఠాలు ఉన్నాయి. ఒకదానిపై దేవుడి తల చుట్టూ ఉన్న కిరణాలను రాతిలో ఇటు నుంచి అటు దాకా తొలిచారు. వెనుక దీపం పెడితే ఆ కిరణాలే వెలుగుతాయి. ఎంత శ్రద్ధగా ఆలోచించారో చూడండి! అయితే నందితో పోలిక ఎంతో దూరం సాగదు. ఇక్కడ ఎద్దు వాహనం కాదు, మిత్రాస్ కత్తికి బలయ్యే ప్రాణి. దాని గాయం వైపు కుక్క, పాము ఎగబాకుతుంటాయి. తోక కొస గోధుమ కంకిగా మారుతుంది.

రెండవ సమాధానం:
సైన్యం విధించలేదనే నా అభిప్రాయం. నేటి సిరియాలో, యూఫ్రటీస్ ఒడ్డున ఉన్న డ్యూరా యూరోపస్ పట్టణంలో పాల్మైరా (సిరియాలోని నగరం) పేరుగల రోమన్ దళం పాటించిన అధికారిక పండుగల జాబితా పపిరస్ (రెల్లుతో చేసిన ప్రాచీన కాగితం)పై దొరికింది. క్రీ.శ. 3వ శతాబ్దం తొలినాళ్ల ఆ జాబితాలో రోమ్ దేవతలు, చక్రవర్తుల జన్మదినాలు ఉన్నాయే తప్ప మిత్రాస్ ఊసే లేదు. కానీ అదే ఊరిలో 168 నాటికే పాల్మైరా విలుకాండ్రు మిత్రాస్ శిల్పాన్ని ప్రతిష్ఠించుకున్నారు. కాకి నుంచి తండ్రి వరకు ఏడు మెట్లుండే ఈ దీక్షలో మూడవ మెట్టు పేరే సైనికుడు. ఆ మెట్టుకు చేరినవాడు తనకు అందించిన కిరీటాన్ని తోసివేసి, మిత్రాసే తన కిరీటమని చెప్పేవాడని నాటి క్రైస్తవ రచయిత టెర్టూలియన్ రాశాడు. హోదాల మధ్య బతికే మనిషికి ఆ క్రమం సహజంగానే నచ్చి ఉంటుంది.

మూడవ సమాధానం:
పై మాటకు ఒక చేర్పు. దీన్ని సైనికుల మతమనడం పూర్తిగా సరికాదు. డాన్యూబ్ తీరంలో సుంకాలు వసూలు చేసే బానిసలు, రోమ్ నగరపు రేవు ఓస్టియా పట్టణవాసులు కూడా ఇందులో ఉన్నారు. స్త్రీలకు మాత్రం దాదాపుగా చోటు లేదు. రాజాదరణ కూడా వచ్చింది, అయితే చాలా ఆలస్యంగా: డాన్యూబ్ మీది కార్నుంటుమ్ పట్టణంలో 308లో సమావేశమైన మాజీ చక్రవర్తి డయోక్లీషియన్, చక్రవర్తి గెలీరియస్ తదితరులు అక్కడి మిత్రాస్ ఆలయాన్ని బాగు చేయించి, తమ సామ్రాజ్య రక్షకుడని అతణ్ని శాసనంలో పేర్కొన్నారు.