గ్యాస్ రూ.500కే ఇస్తున్నా కట్టెల పొయ్యి ఎందుకు ఆరట్లేదు?

పరకాల పటేల్:
తెల్లకార్డు ఉన్నోళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి తెలంగాణ సర్కారు మహాలక్ష్మి పథకం కింద సిలిండర్ రూ.500కే. అయినా వరంగల్ చుట్టుపక్కల ఏ ఊళ్లె చూసినా వాకిట్ల పొగే. ఇది పైసల సంగతి కాదు, అలవాటు అంట నేను.

నీలిమంట:
అలవాటు అనుడు అల్కగనే ఉంటది అన్నా. బండ దించుకునేటప్పుడు పూర్తి ధర కట్టాలె, రాయితీ తర్వాత ఖాతాల పడ్తది. వారం కూలి మీద నడిచే ఇంట్ల అంత ఒక్కసారే యాడికెల్లి తీస్తరు? ఇంకో మెలిక: ఏడాదికి ఎన్ని బండలకు రాయితీ అన్నది గత మూడేండ్ల సగటు వాడకాన్ని బట్టి. కట్టెలతో ఎల్లదీసినోళ్లకు సగటు తక్కువ, రాయితీ బండలూ తక్కువే.

కాజీపేట అక్క:
గ్యాస్‌ను మింగేది కూర కాదు, తానం నీళ్లు. చలికాలం 15 లీటర్ల బకెట్లు నాలుగు, 25 డిగ్రీలు వేడెక్కాలంటే దాదాపు 230 గ్రాముల గ్యాస్. వంటకు రోజూ 300 గ్రాములు పట్టే ఇంట్ల 14.2 కిలోల బండ 47 రోజులు వస్తది. నీళ్లు కూడా దాని మీదనే పెడితే 27 రోజులకే ఖతం. అందుకే కాగు బయట పెడ్తరు. అవే నీళ్లకు పాత పొయ్యిల పత్తికట్టె మూడున్నర కిలోలన్న కావాలె, వేడి చానా మట్టుకు గాలికే పోతది. సన్నకట్టె గప్పున మండి ఆరుతది, ఎగదోసుకుంట ఒకలు కూసోవాలె. ఆ టైం ఎవ్వలూ లెక్కగట్టరు.

పత్తిచేను:
ఆ కట్టె కూడా ఉత్తగ రాదక్కా. మిగిలిన ఎండుకాయలల్ల గులాబీరంగు పురుగు దాక్కుంటది. ఇంటి ముంగట కుప్ప వానకాలం దాకా ఉంటే కొత్త పంట మీద పడ్తది. కాయలు దులిపి కాలవెట్టాలె, కట్టె ఎండకాలంలనే ఒడగొట్టాలె.

పరకాల పటేల్:
నీళ్ల లెక్క ఒప్పుకుంట. మరి గృహజ్యోతి కింద 200 యూనిట్లు ఉత్తదే గదా, కరెంటు (ఇండక్షన్) పొయ్యి ఎందుకు పెట్టరు?

ఎర్తింగ్:
సగటున 1200 వాట్ల మీద రోజుకు గంటన్నర నడిస్తే నెలకు 54 యూనిట్లు. ఫ్యాను, ఫ్రిజ్, మోటరు కలిసి 200 దాటితే బిల్లు మొత్తం మీదనే పడ్తది. అది ఒకటి. 2000 వాట్ల పొయ్యి తొమ్మిది ఆంపియర్ల దాకా గుంజుతది. దాన్ని 6 ఆంపియర్ల సాకెట్ల పెడ్తరు, అది కరుగుతది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్, ఎర్తింగ్ లేంది పెట్టొద్దు. సిల్వర్ గిన్నెలు దాని మీద పనికిరావు, అవన్నీ మార్చాలంటే ఇంకో ఖర్చు.

పరకాల పటేల్:
జొన్నరొట్టె సంగతి? అది మాత్రం అలవాటే!

నీలిమంట:
దానికి అరగంట కట్టె కాలిస్తే కాల్చనియ్యి. పొయ్యి వంటింట్లకెల్లి వాకిట్లకు జరిపితే చాలు. జాగ లేకుంటే పొగగొట్టం పెట్టి, నెలకోపాలి మసి దులపాలె. గొట్టం మూసుకపోతే పొగ మళ్ల ఇంట్లకే ఎగతంతది.