చిన్న జాజ్ బ్యాండు ఇంట్లో రికార్డింగ్: అందరూ కలిసి ఒకేసారా, ఒక్కొక్కరు విడివిడిగనా?

దేవరకొండ సాక్స్:
సాక్సఫోన్, కీబోర్డ్, బేస్ గిటార్, డ్రమ్స్, మొత్తం నలుగురం. నల్లగొండలో 12×15 అడుగుల హాలు, 10 అడుగుల ఎత్తున స్లాబ్, కింద టైల్స్. రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకులను లాప్‌టాప్‌కు కలిపే డబ్బా), రెండు కండెన్సర్ మైకులు, లాప్‌టాప్ ఉన్నయి. ఎట్ల తీస్తే మంచిగుంటది?

మిర్యాలగూడ మైక్‌సెట్:
విడివిడిగనే తియ్యి తమ్మీ. రెండు ఇన్‌పుట్లకు నలుగురు పట్టరు. ముందు డ్రమ్స్: ఒక మైకు డ్రమ్మర్ తల మీద, ఇంకొకటి కాలితో కొట్టే కిక్ డ్రమ్ ముందు. తర్వాత బేస్ నేరుగా కేబుల్‌తో, ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కి. కీబోర్డ్ రెండు లైన్లల్ల, చివరికి సాక్స్. బఫర్ (లాప్‌టాప్ ఒక్కోసారి ఎంత ధ్వని పోగేసుకోవాల్నో చెప్పే సెట్టింగు) 128 శాంపిళ్లు పెట్టు, ఎక్కువుంటే హెడ్‌ఫోన్ల ఆలస్యం తెలుస్తది. ఒకరు తప్పు వాయిస్తే ఆ ఒక్క ట్రాకే మళ్ల తీసుకోవచ్చు.

పాలమూరు బేస్:
అన్నా, పాటకైతే ఆ పద్ధతి సరే, జాజ్‌కు కుదరదు. సోలో ఎటు పోతదో విని డ్రమ్మర్ అప్పటికప్పుడు జవాబిస్తడు. డ్రమ్స్ ముందే తీసిపెడితే సాక్స్ వాయించేటాయనకు జవాబిచ్చేటోడే ఉండడు. పేరుమోసిన జాజ్ రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ 1959 దాకా న్యూజెర్సీల, హాకెన్‌సాక్‌ల తల్లిదండ్రుల ఇంటి హాల్లోనే అంత పెద్ద వాద్యకారులను కూర్చోబెట్టి రికార్డు చేసిండు.

మిర్యాలగూడ మైక్‌సెట్:
నిజమే, కానీ ఆ ఇంట్ల హాలు పక్కన వేరే కంట్రోల్ గది ఉండె, మధ్యల గాజు కిటికీ. ఇంజనీరు పక్క గదిల కూసుని వింటుండె. మన తమ్మికి ఉన్నది ఒక్క హాలు, స్లాబ్ కింద చప్పట్లు కొడితే టపటపమని తిరిగొచ్చే గది.

పాలమూరు బేస్:
గది సంగతికి లెక్కుంది. 10 అడుగుల ఎత్తుకు నేలకూ స్లాబుకూ మధ్య 56 హెర్ట్జ్ దగ్గర ధ్వని నిలబడిపోయి పెద్దగ మోగుతది. బేస్ గిటార్ ‘ఏ’ తీగ 55 హెర్ట్జ్. బేస్ ఆంప్ (బేస్ గిటార్ స్పీకరు) గదిల మోగితే ఆ ఒక్క స్వరం గుమ్మని లేస్తది, పక్క స్వరాలు సన్నబడతయి. దాన్ని ఏ ఈక్వలైజరూ బాగుచెయ్యదు. కాబట్టి బేస్ ఆంప్ గదిల వద్దు, నేరుగా రెండో ఇన్‌పుట్‌కు ఇయ్యి. మొదటి ఇన్‌పుట్‌కు ఒక్క కండెన్సర్ మైకు, మోనో (ఎడమ కుడి తేడా లేకుండ ఒకే ధ్వని). మైకుకు కేబుల్‌లనే కరెంటు ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ ఆన్ చెయ్యి. మోనో తక్కువ కాదు, ఆ కాలపు జాజ్ రికార్డులు చాలా వరకు మోనోనే.

దేవరకొండ సాక్స్:
మరి డ్రమ్మర్‌కు బేస్ ఎట్ల వినపడుతది?

పాలమూరు బేస్:
నాలుగు దారుల హెడ్‌ఫోన్ ఆంప్ ఒకటి, నలుగురికీ చెవులు మూసే హెడ్‌ఫోన్లు. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ ఆన్ చేస్తే ధ్వని లాప్‌టాప్‌ల పోకుండ నేరుగా హెడ్‌ఫోన్లకు వస్తది, ఆలస్యం ఉండదు. మైకు గది నడిమధ్యల వద్దు, కొంచెం పక్కకు. డ్రమ్స్ మైకుకు అందరికన్న దూరం, కర్రల బదులు బ్రష్‌లు. సాక్స్ నాలుగు అడుగుల దూరంల, బెల్ (సాక్స్ వెడల్పు మూతి) మైకుకు సూటిగ కాకుండ కొంచెం పక్కకు తిప్పి. కీబోర్డ్ స్పీకరు కుర్చీ మీద, మైకు ఎత్తుకు. అరనిమిషం వాయించి విను. సింబల్స్ (డ్రమ్స్ మీది లోహపు పళ్లాలు) ఎక్కువైతే డ్రమ్స్ ఒక అడుగు వెనక్కి జరుపు. అన్నిటికన్న పెద్ద చప్పుడుకు కూడ మీటరు మైనస్ 12 డీబీ దాటకుండ గెయిన్ (ఇన్‌పుట్ ధ్వని స్థాయి) పెట్టు.

మిర్యాలగూడ మైక్‌సెట్:
బేస్ లెక్క ఒప్పుకుంటున్న. మోనో మైకుల మాత్రం డ్రమ్స్ ఎక్కువైతే తర్వాత ఎవరూ తగ్గించలేరు, నా అభ్యంతరం అదే.

మూసీ ఒడ్డు:
ఎట్ల తీసినా గదిని ముందు సరిచెయ్యాలె. డ్రమ్స్ కింద మందం జంపఖానా, డ్రమ్స్ వెనక గోడకు పరుపులు నిలబెట్టు, మైకు వెనక బొంతలు. గుడ్ల అట్టలతోని పని కాదు, పలుచటి దుప్పట్లు కీచు తగ్గిస్తయి గానీ గుమ్ముకు పనికిరావు. ఫ్యాను, ఫ్రిజ్ ఆపు. సన్నగ గూంయ్ అనే శబ్దమొస్తే లాప్‌టాప్ చార్జర్ పీకి చూడు, చాలాసార్లు దోషం అక్కడే. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మాత్రం రికార్డింగ్ పెట్టుకోవద్దు.

ఇంకొకటి, మన ఎండకాలం ఫ్యాను ఆపి వాయిస్తే గాలి వేడెక్కి సాక్స్ శృతి పైకి పోతది, కీబోర్డ్ శృతి 440 హెర్ట్జ్ దగ్గరనే ఉంటది. ప్రతి టేకుకు ముందు శృతి చూసుకుని మౌత్‌పీసు కొంచెం బయటికి లాగు. తెల్లారంగ అయిదింటికి మొదలుపెడితే వేడీ తక్కువ, రోడ్డు చప్పుడూ తక్కువ.