గుండ్రటి ర్యాంప్ పైకి చేరుతలేదు, పక్క గోడ వాలుతలేదు

కొండాపూర్ డ్రాఫ్టర్:
అన్నలూ, పొద్దున 9 నుంచి ఇదే పట్టుకొని కూసున్న. సెల్లార్ నుంచి పైకి గుండ్రంగా తిరిగే కార్ల ర్యాంప్ కంప్యూటర్ల గీస్తే మధ్యల్నే ఆగిపోతుంది. స్లోప్ సరిగ్గనే ఇచ్చిన. పక్క గోడ గుండ్రంగ వచ్చింది గానీ ర్యాంప్ వెంట ఏటవాలుగ పోతలేదు. గోడ ఆకారం మార్చే ఎడిట్ ప్రొఫైల్ టూల్ కూడా పనిచేస్తలేదు. రేపు సబ్మిషన్. ఎవరన్నా చెప్పుండ్రి.

నాచారం ఇంజినీర్:
ఏ సాఫ్ట్‌వేర్? ఎత్తెంత? స్లోప్ అంకె ఎంత?

కొండాపూర్ డ్రాఫ్టర్:
రెవిట్ అన్నా, బిల్డింగ్ త్రీడీ మోడల్‌కి ఇంకేముంటది. ఎత్తు 3 మీ., వెడల్పు 3.6. సెంటర్‌లైన్ (ర్యాంప్ నడిమి గీత) రేడియస్ 7.65, అర్ధవృత్తం. స్లోప్ 12.5.

నాచారం ఇంజినీర్:
తప్పు అక్కడే. టైప్ ప్రాపర్టీస్ సెట్టింగ్స్‌లో ఆ గడి 1/ఎక్స్, అంటే 1 మీ. ఎక్కడానికి ఎన్ని మీ. పొడవు అని. మీ 12.5 శాతం కాదు, 1:12.5. మీ 24 మీ. పొడవుకి 1.92 మీ. ఎక్కి ఆగుతుంది. 8 పెట్టండి.

బేగంపేట ఆర్కిటెక్ట్:
8 పెడితే అయిపోయిందా? 1:8 వచ్చేది సెంటర్‌లైన్ మీద మాత్రమే. లోపలి అంచు రేడియస్ 5.85, పొడవు 18.4 మీ., అంటే అక్కడ 1:6.1. బయటి అంచున 1:9.9. లోపలి అంచునా 1:8 కావాలంటే లోపలి రేడియస్ 7.64, సెంటర్‌లైన్ 9.44 ఉండాలి. సైట్‌లో అంత జాగా ఉందా?

నాచారం ఇంజినీర్:
స్లోప్‌ని సెంటర్‌లైన్ మీదే కొలుస్తారు సార్.

బేగంపేట ఆర్కిటెక్ట్:
కాగితం మీద. టైరు సెంటర్‌లైన్ మీద నడవదు. పైగా 1:8 నేరుగా చదునులో కలిస్తే కారు అడుగు గీసుకుంటుంది. రెండు చివర్లా 3 మీ. చొప్పున 1:16 ఇస్తే వాటితో 375 మి.మీ. ఎత్తు పోతుంది, మిగిలిన 2.625కి 21 మీ. మొత్తం 27. మీ 24 ఎలాగూ చాలదు.

మల్కాజిగిరి త్రీడీ:
12.5 శాతం అంటే 12.5 డిగ్రీలేనా?

నాచారం ఇంజినీర్:
కాదు. 7.1.

ఉప్పల్ బిమ్:
గోడ సంగతి ఎవరూ చెప్పలేదు. వంపు గోడకి ఎడిట్ ప్రొఫైల్ రాదు, ర్యాంప్‌కి అటాచ్ (అంటించడం) కూడా కాదు. అందుకే ర్యాంప్ టూల్ వదిలేసి ఫ్లోర్‌తో చేయండి. వాలు ఇచ్చే స్లోప్ యారో వద్దు, అది పలకని ఒకే దిక్కుకి వంచుతుంది, మెలిక తిరగదు. పైగా యారో ఉంటే పాయింట్లు ఎత్తే టూల్స్ రావు. ఒకే ఫ్లోర్‌లో అర్ధవృత్తాన్ని 45 డిగ్రీల చొప్పున 4 ముక్కలు గీసి, పాయింట్లు ఎత్తే మాడిఫై సబ్ ఎలిమెంట్స్‌లో ఒక్కో ముక్క పై చివర రెండు పాయింట్లనీ 750 మి.మీ. చొప్పున ఎత్తుతూ పోండి: 750, 1500, 2250, 3000. లోపలి, బయటి పాయింట్లకి ఒకే ఎత్తు. తర్వాత వంపు అంచు ఎలా రావాలో చెప్పే కర్వ్డ్ ఎడ్జ్ కండిషన్‌లో రెండు ఆప్షన్లూ పెట్టి చూడండి, సెక్షన్‌లో ఏది సాఫీగా ఉంటే అది.

గోడ అడుగు ఈ ఫ్లోర్‌కి అటాచ్ బేస్. పైభాగానికి ఇదే ఫ్లోర్ కాపీ ఒకటి పైన పెట్టి అటాచ్ టాప్. గోడ దాని కింది ముఖానికి ఆగుతుంది కాబట్టి 1 మీ. పారాపెట్ (ర్యాంప్ పక్క పిట్టగోడ), 150 మి.మీ. స్లాబ్ అయితే 1150 మి.మీ. పైకి కాపీ చేయాలి. కాపీ గోడకి రెండు వైపులా 200 మి.మీ. బయటికి ఉండాలి, లేకపోతే కొంతభాగం అంటదు. పని అయ్యాక దాన్ని డిలీట్ చేస్తే గోడ మళ్ళీ పాత ఎత్తుకి పోతుంది. హైడ్ చేసి, క్వాంటిటీ షెడ్యూల్ (సామాను లెక్కల పట్టిక)లో అది రాకుండా ఫిల్టర్ పెట్టండి, లేకుంటే కాంక్రీట్ డబుల్ లెక్కొస్తుంది.

బేగంపేట ఆర్కిటెక్ట్:
పైన రోడ్డు దగ్గర వాన నీరు లోపలికి రాకుండా 150 మి.మీ. మిట్ట ఇచ్చారా? కింద గ్రేటింగ్ డ్రెయిన్? ఒక్క గట్టి వానకి సెల్లార్ నిండుతుంది. మిట్ట ఇస్తే ఎత్తు 3.15 అవుతుంది, మీ 750లు కూడా మారతాయి.

మల్కాజిగిరి త్రీడీ:
స్కెచప్ సాఫ్ట్‌వేర్‌లో ఇదంతా 10 నిమిషాల పని.

ఉప్పల్ బిమ్:
షెడ్యూల్ ఎవరు తీస్తారు మరి?

కొండాపూర్ డ్రాఫ్టర్:
8 పెడితే పైదాకా పోయింది. థ్యాంక్స్ అన్నా. గోడ రాత్రికి చూస్త.

బేగంపేట ఆర్కిటెక్ట్:
మరి లోపలి అంచు?