ఖుఫు పిరమిడ్‌లో పెద్ద ఖాళీ: చిల్లు వేసి చూడాలా, వద్దా?

చూస్తేగానీ:
ఈజిప్టులో గీజాలోని ఖుఫు పిరమిడ్‌లో, రాజు గదికి ఎక్కే ఎత్తైన వాలు దారి గ్రాండ్ గ్యాలరీకి పైన కనీసం 30 మీటర్ల పొడవున్న ఖాళీ ఉందని 2017 నవంబర్‌లో నేచర్ పత్రికలో వచ్చింది. ఇన్నేళ్ళయినా లోపలేముందో కంటితో చూసినవాడు లేడు. 2023లో ఉత్తరం ముఖం వెనకున్న 9 మీటర్ల నడవాలోకి 6 మిల్లీమీటర్ల ఎండోస్కోప్ (సన్నటి గొట్టం కెమెరా) దూర్చి ఫొటోలు తీశారు. పిరమిడ్ ఏమీ కూలిపోలేదే! అదే పని పెద్ద ఖాళీకి ఎందుకు చెయ్యరు? రెండు మూడు సెంటీమీటర్ల చిల్లు ఒక్కటి చాలు. వద్దనేవాళ్ళు కారణం చెప్పండి. "మహా కట్టడం, పవిత్రం" లాంటి మాటలు మాత్రం వద్దు.

గోదారిగట్టు:
23 లక్షల రాళ్ళున్న కొండకి ఒక్క చిల్లు బరువా. నేను చూస్తేగానీ గారి పక్షం.

సున్నపురాయి:
కారణమే చెప్తా. 2023లో చిల్లు వెయ్యలేదు. పాత ప్రవేశద్వారం పైన గుడిసె కప్పులా ఎదురెదురుగా వాల్చిన పెద్ద రాళ్ళున్నాయి చూడండి, వాటి మధ్య అప్పటికే ఉన్న అతుకులోంచి ఎండోస్కోప్ పంపారు. నడవా ఆ రాళ్ళ వెనక మీటరు లోపే ఉంది. ఆ సంగతి కూడా ముందు మ్యూవాన్లతో (రాయిలోంచి దూసుకుపోయే ఆకాశపు కణాలు), తర్వాత రాడార్, అల్ట్రాసౌండ్‌లతో సరిచూసుకున్నాకే కెమెరా తీశారు.

పెద్ద ఖాళీ సంగతి అది కాదు. దాని మధ్యభాగం పిరమిడ్ లోపలున్న రాణి గది (రాజు గదికి కిందిది) నేల నుంచి 40, 50 మీటర్ల ఎత్తులో ఉంది. ఎటునుంచి వెళ్ళినా మధ్యలో మీటర్లకొద్దీ రాయి. లోపలి రాళ్ళు బయటి తొడుగు రాళ్ళలా నున్నగా చెక్కినవి కావు. ఎగుడుదిగుడు బండలు, సందుల్లో జిప్సం గచ్చు, రాతిముక్కలు. కోర్ డ్రిల్లు గట్టి రాయిలోంచి మెత్తటి గచ్చులోకి వచ్చిన ప్రతిసారీ బిట్టు పక్కకి లాగేస్తుంది. ఒక్క డిగ్రీ వాలితే 20 మీటర్ల దగ్గర 35 సెంటీమీటర్లు తప్పుతుంది. బిట్టు చల్లబడాలంటే నీళ్ళు పొయ్యాలి, ఆ నీళ్ళు సున్నపురాయిలో ఇంకి ఉప్పుని పైకి తెస్తాయి. నీళ్ళు లేకుండా గాలితో కొడితే ఆ పిండి వెళ్ళి అసలు చూడాలనుకున్న ఖాళీలోనే పడుతుంది.

1986లో ఫ్రెంచివాళ్ళు మైక్రోగ్రావిటీ కొలతలు (గురుత్వంలో చిన్న తేడాలతో ఖాళీలు పసిగట్టడం) చూసుకుని రాణి గదికి వెళ్ళే దారి గోడకి చిల్లులు వేశారు. తగిలింది ఇసుక. గది లేదు.

పక్కబెంచీ:
ఇసుక అన్నా తగిలింది, సంతోషించాలి 😀

చూస్తేగానీ:
బయటినుంచి దూరమైతే లోపలినుంచి వెళ్ళండి. రాజు గది నేల పిరమిడ్ పీఠం నుంచి 43 మీటర్ల ఎత్తు. దాని పైన భారం తగ్గించడానికి ఐదు అరలున్నాయి. అన్నిటికంటే పైది క్యాంప్‌బెల్ అర, కప్పు రాజు గది నేల నుంచి సుమారు 21 మీటర్లు. కూడితే 64. రాణి గది నేల 21 దాకా ఉంటుంది, దానికి మీరు చెప్పిన 40, 50 కలిపితే 61 నుంచి 71. అంటే క్యాంప్‌బెల్ అర, పెద్ద ఖాళీ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. అక్కడ నిలబడి ఉత్తరం వైపు అడ్డంగా కొడితే సరి. ఇంతోటి దానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు.

అసలా అరలోకి దారెలా వచ్చిందో గుర్తుందా? 1837లో హోవర్డ్ వైస్ అనే ఇంగ్లీషు సైనికాధికారి తుపాకిమందు పెట్టి పేల్చుకుంటూ పైకెక్కాడు. కింది అర ఒక్కటే అంతకు ముందు, 1765లో, డేవిసన్ చూశాడు. మిగతా నాలుగూ పేలుళ్ళతోనే దొరికాయి. పై అరల్లో కూలి జట్లు ఎర్ర రంగుతో రాసుకున్న ఖుఫు పేరు బయటపడింది ఆ పేలుళ్ళవల్లే. ఇప్పుడు ఈ పిరమిడ్ ఖుఫుదేనని మీరంతా గుండెమీద చెయ్యేసుకుని చెప్తున్నారంటే అతని పుణ్యమే. గది పక్కనే గది ఉన్నప్పుడు తలుపు తట్టడానికి భయమెందుకో.

మ్యూవాన్_మూర్తి:
చూస్తేగానీ గారూ, "గది" అన్నారు. నేచర్ వ్యాసంలో పెద్ద ఖాళీకి ఆ మాట లేదు. ఉన్నది "ఖాళీ". గది అనాలంటే గోడలు, నేల, కట్టినవాడి ఉద్దేశం ఉండాలి. వాళ్ళు చూపించింది ఒక దిక్కులో రాయి తక్కువుందని మాత్రమే.

తెలియనివాళ్ళ కోసం చెప్తా. పై వాతావరణాన్ని కాస్మిక్ కిరణాలు కొట్టినప్పుడు మ్యూవాన్లు పుడతాయి. మన అరచేతి మీద సెకనుకి ఒకటో రెండో పడుతూనే ఉంటాయి. రాయి ఎంత మందమైతే అంత తక్కువ మ్యూవాన్లు దాటుతాయి. రాణి గదిలో నాగోయా విశ్వవిద్యాలయంవాళ్ళు ఎమల్షన్ ఫిల్ములు (కణం గీత పడే ఫొటో ఫిల్ములు), జపాన్‌కే చెందిన కేఈకే పరిశోధన సంస్థవాళ్ళు సింటిలేటర్లు (కణం తగిలితే మెరిసే పలకలు) పెట్టారు. ఫ్రాన్స్ అణుశక్తి సంస్థ సీఈఏ వాళ్ళు బయట గ్యాస్ డిటెక్టర్లు పెట్టారు. తెలిసిన గదులన్నీ వేసుకున్న కంప్యూటర్ నమూనాతో లెక్క పోల్చారు. గ్యాలరీ, రాజు గది ఉండాల్సిన చోటే కనిపించాయి. వాటితోబాటు నమూనాలో లేని ఇంకో మచ్చ తేలింది. మూడు పద్ధతుల్లోనూ తేలింది కాబట్టే నమ్మకం. వేడి ఎక్కువైతే ఫిల్ములో గీతలు మాసిపోతాయి, బయట ఎండకి గ్యాస్ డిటెక్టర్ స్పందన మారిపోతుంది. ఒకదాని జబ్బు ఇంకోదానికి రాదు.

అది ఒకే ఖాళీయా, పక్కపక్కన రెండు మూడా, అడ్డంగా ఉందా, గ్యాలరీలా వాలుగా ఉందా అన్నది ఆ పేపరే తేల్చలేదు. మీరేమో అప్పుడే తలుపు కూడా పెట్టేశారు.

చూస్తేగానీ:
గ్యాలరీ అంత అడ్డుకోతతో 30 మీటర్ల చోటుంటే దాన్ని గది అనక పశువుల కొట్టం అంటారా?

మ్యూవాన్_మూర్తి:
ఖాళీ అంటాను.

గోదారిగట్టు:
గది అనుకుందాం ఇద్దరూ, ముందుకెళ్ళండి బాబూ.

మ్యూవాన్_మూర్తి:
అనుకోను. ఆ మాటతోనే సగం వాదన ముగించేస్తున్నారు. రాళ్ళు పేరుస్తూ వదిలేసిన పని సందు కావచ్చు, గ్యాలరీ కప్పు మీద భారం పడకుండా వదిలింది కావచ్చు. ఈజిప్టు పురావస్తు నిపుణుడు మార్క్ లేనర్ లాంటివాళ్ళు మొదట్నించీ ఈ అనుమానమే చెప్తున్నారు.

నిశాచరి:
2025లో గీజాలోనే పక్కనున్న ఖాఫ్రే పిరమిడ్ కింద ఉపగ్రహ రాడార్‌తో 600 మీటర్ల పైచిలుకు లోతు గొట్టాలు కనిపెట్టారుగా? దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

మ్యూవాన్_మూర్తి:
కొట్టంలో లేని గేదెకి పాలు పితకలేం కాబట్టి. ఆ రాడార్ అలలు ఎండు ఇసుకలోనే కొన్ని మీటర్లకి మించి దిగవు. పైగా గీజా పీఠభూమిలో ఒసైరిస్ షాఫ్ట్ అనే పాత నిలువు బావి సమాధి అడుగు అర 30 మీటర్ల లోతులోనే నీళ్ళలో ఉంటుంది. 600 మీటర్ల గొట్టాలంటే ఊటనీళ్ళలో మునిగి తవ్వారనుకోవాలి. మ్యూవాన్లతోనూ అది చూడలేం. అవి పైనుంచే వస్తాయి, డిటెక్టర్ కింద ఉన్నది కనపడదు.

ఖాఫ్రేలో అసలు పని 1960ల చివర్లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త లూయిస్ అల్వరెజ్ చేశాడు. కింది గదిలో స్పార్క్ ఛాంబర్ (మ్యూవాన్ దారిని నిప్పురవ్వలతో చూపే పెట్టె) పెట్టి పిరమిడ్‌లో 19 శాతం చూసి, 1970లో "ఇక్కడ గదుల్లేవు" అని ప్రకటించాడు. పిరమిడ్ అంచులు, కొసన మిగిలిన తొడుగు రాళ్ళు కూడా అతని లెక్కలో కనిపించాయి. మ్యూవాన్ విద్య మనకీ కొత్తది కాదు, కోలార్ బంగారు గనుల్లో 2 కిలోమీటర్ల పైచిలుకు లోతున మన శాస్త్రవేత్తలు వీటిని లెక్కపెట్టిన రోజులున్నాయి.

సున్నపురాయి:
క్యాంప్‌బెల్ అర లెక్క ఒప్పుకుంటా, ఎత్తు కలుస్తుంది. ఎత్తు కలిస్తే దారి కలిసినట్టా? అర గోడ వెనక రాళ్ళ అమరిక ఎలా ఉందో చూసినవాడు లేడు. దాని కింద రాజు గది కప్పు గ్రానైట్ దూలాలు దక్షిణం పక్క ఇప్పటికే పగిలి ఉన్నాయి. వాటికి నేరుగా పైన యంత్రం బిగించి గంటలకొద్దీ అదురు పెడతారన్నమాట. వైస్ పేల్చాడు కాబట్టి మనమూ కొడదామా? నిరుడు బావిలో పడ్డాడని ఈ ఏడూ దూకడమే అది.

చూస్తేగానీ:
అదురు, ఉప్పు, పిండి! మీకు ప్రతి చిల్లూ భూకంపమే. పోయినసారి రాణి గది గొట్టాల చర్చలో కూడా నేను కొలతలిస్తే మీరు జాగ్రత్తల పాఠం చెప్పారు, జవాబివ్వకుండా వెళ్ళిపోయారు. ఇక్కడందరూ చూశారు.

రాణి గది గోడల నుంచి రాయిలో వాలుగా పైకి పోయే ఆ సన్నటి గొట్టాలనే తీసుకోండి. రమారమి 20 సెంటీమీటర్ల చదరం. 1993లో జర్మన్ ఇంజినీరు గాంటెన్‌బ్రింక్ రోబో దక్షిణపు గొట్టంలో 60 మీటర్ల పైకి వెళ్ళి, రెండు రాగి మేకులున్న రాతి పలక చూసింది. 2002లో టీవీ ప్రత్యక్ష ప్రసారం పెట్టి మరీ ఆ పలకకి చిల్లు వేశారు! అప్పుడెవరికీ ఉప్పు గుర్తుకు రాలేదు. కెమెరాలు, ప్రకటనలు ఉంటే చిల్లు శాస్త్రం. మామూలువాడు అడిగితే చిల్లు విధ్వంసం.

సున్నపురాయి:
జవాబు ఎగ్గొట్టలేదు, అప్పుడు మీరు రాసింది చదవడానికే ఓపిక లేకపోయింది. ఇప్పుడు చదువుతున్నా కాబట్టి వినండి. ఆ పలక మందం 6 సెంటీమీటర్లు. ముందు అల్ట్రాసౌండ్‌తో కొలిచి, తర్వాత కొట్టారు. వెనక ఏం దొరికింది? 20 సెంటీమీటర్ల జాగా, ఇంకో రాయి. 2011లో జెడీ రోబో అదే చిల్లులోంచి పాములాంటి కెమెరా పంపింది. నేల మీద ఎర్ర రంగు గుర్తులు, మేకుల వెనక చివర ముచ్చటగా వంచిన చిన్న ఉంగరాలు కనిపించాయి. రెండో రాయి దాటి ఎవరూ పోలేదు. మీలాంటివాళ్ళు మాత్రం ఇప్పటికీ "రెండో రాయి వెనక గది" అంటున్నారు.

నా బాధ ఇదే, సూటిగా చెప్తున్నా. ఒక్క చిల్లుకి నేను భయపడను. ఒక్క చిల్లుతో ఆగని వాదనకి భయపడతాను. క్యాంప్‌బెల్ అర నుంచి కొట్టి, కెమెరా పెడితే మోటు గోడలు, ఖాళీ తప్ప ఏమీ లేదనుకోండి. మీరు ఒప్పుకుంటారా?

చూస్తేగానీ:
ఎదురు ప్రశ్న వేస్తున్నా. మ్యూవాన్లతో ఇంకో పదేళ్ళు కొలిచాక ఎంత తేలితే మీరు చిల్లు ఒప్పుకుంటారు? అంకె చెప్పండి. చెప్పరు. మీ జాగ్రత్తకి గడువు లేదు, అదీ నా కోపం. గడువులేని "ఆగండి" అంటే "వద్దు" అనే కదా.

పక్కబెంచీ:
హమ్మయ్య, 14 పోస్టుల తర్వాత అసలు గొడవ బయటపడింది.

సున్నపురాయి:
అంకె చెప్తా. ఖాళీ రెండు కొసలూ అర మీటరు తేడాలో తెలియాలి. వాలు తెలియాలి. ఒకటా, మూడా తెలియాలి. అవి తెలిస్తే ఏ అతుకు దగ్గరి దారో లెక్క వెయ్యొచ్చు, చిల్లు పొడవు సగం తగ్గొచ్చు. అప్పుడు నేనే ఒప్పుకుంటా. పిరమిడ్ చుట్టూ కంటైనర్లలో పెద్ద మ్యూవాన్ డిటెక్టర్లు తిప్పుతూ, 2017 దానికంటే 100 రెట్లు సున్నితంగా చూడాలని 2022లో ప్రతిపాదన వచ్చింది. అన్ని పక్కలనుంచీ చూస్తే లోపలి ఆకారం తేలుతుంది. డబ్బు అక్కడ పెట్టండి.

ఇప్పుడు మీ వంతు. లోపల ఏమీ లేకపోతే?

చూస్తేగానీ:
ఏమీ లేకపోతే "ఏమీ లేదు" అని రాస్తా. ఎందుకు వదిలారో కూడా అడుగుతా, అది నా హక్కు. కానీ రెండో చిల్లు అడగను.

గోదారిగట్టు:
స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

మ్యూవాన్_మూర్తి:
అర మీటరు కష్టం సున్నపురాయి గారూ. పక్కలనుంచి వచ్చే మ్యూవాన్లు బాగా తక్కువ, నిటారుగా వచ్చేవే ఎక్కువ. అందుకని వాలు ముందు తేలుతుంది, కొసలు ఆలస్యంగా తేలుతాయి. మీటరు అనండి, నేనూ సంతకం పెడతా.

సున్నపురాయి:
సరే, మీటరు.

చూస్తేగానీ:
మీటరు. కానీ అది గదే.

మ్యూవాన్_మూర్తి:
ఖాళీ.